రాయచూరు ఎండలో ఎన్ని కెమెరాలు?

2022లో మన దేశంలో గుద్ది ఆగకుండా పోయిన బండ్ల వల్ల జరిగిన ప్రమాదాలు 67,387. వాటిలో చనిపోయినవాళ్లు 30,486 మంది. ఇది కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇచ్చిన లెక్క. ఆ ఏడాది రోడ్ల మీద మొత్తం 1,68,491 మంది పోయారు కాబట్టి, ప్రతి వంద మరణాల్లో 18 ఇలాంటివే. ఒక్క కర్ణాటకలోనే ఆ సంవత్సరం 39,762 ప్రమాదాలు జరిగి 11,702 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గుద్దిన బండి ఏదో తేలకపోతే ప్రభుత్వ పథకం కింద బాధిత కుటుంబానికి వచ్చేది మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. 2022 ఏప్రిల్ 1కి ముందు అదీ లేదు, 25 వేలు, పన్నెండున్నర వేలే. నంబరు దొరికితే కథ వేరు. అప్పుడు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ చనిపోయిన మనిషి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడిన వాళ్ల సంఖ్య చూసి పరిహారం నిర్ణయిస్తుంది. అది ఎన్ని లక్షలైనా కావచ్చు. కాబట్టి బండి నుంచి రోడ్డును రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ కొనేవాళ్లు మొదట అడగాల్సింది ఎన్ని కెమెరాలున్నాయని కాదు, ఎదుటి బండి నంబరు ఎంత దూరం నుంచి చదవగలమని.

రాయచూరు జిల్లా రోడ్లకు కొన్ని ప్రత్యేకతలున్నాయి. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి తాలూకాల్లో మన తెలుగు రైతుల క్యాంపులు ఉన్నచోటల్లా కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్లు, హార్వెస్టర్లు రోడ్డెక్కుతాయి. చీకటి పడ్డాక ట్రాలీ వెనక ఎర్ర లైటు ఉంటే మన అదృష్టం. శక్తినగర్ థర్మల్ కేంద్రం వైపు బూడిద ట్యాంకర్లు తిరుగుతుంటాయి. కూలీలను ఎక్కించుకున్న క్రూజర్లు, హైదరాబాదు, బళ్లారి వైపు పోయే లారీలు కూడా ఇదే రోడ్ల మీద ఉంటాయి. 2024 సెప్టెంబరు 5న మాన్వి తాలూకా కప్‌గల్ దగ్గర స్కూలు బస్సు, ఆర్టీసీ బస్సు ఢీకొని ఇద్దరు పిల్లలు చనిపోయారు. 2025 జనవరిలో మంత్రాలయం నుంచి హంపీ బయల్దేరిన సంస్కృత పాఠశాల విద్యార్థుల వాహనం సింధనూరు దగ్గర బోల్తా పడి ముగ్గురు విద్యార్థులు, డ్రైవరు పోయారు. ఈ రెండింటిలో ఎవరూ గుద్ది పారిపోలేదు. కానీ ఎవరు ఎటు వచ్చారు, ఏ వేగంలో ఉన్నారు, బండికి ముందుగా ఏమైంది అనే ప్రశ్నలు ఇలాంటి ప్రతి ప్రమాదంలోనూ వస్తాయి. సాక్షులు తలా ఒకటి చెబుతారు. అక్కడ నంబరు ప్లేటు కంటే రోడ్డంతా కనిపించే దృశ్యం, దాని మీద సరైన టైము ముఖ్యం.

ముందు నంబరు ప్లేటు లెక్క చూద్దాం. కారు హై సెక్యూరిటీ ప్లేటు పొడుగుది అయితే వెడల్పు 500 మిల్లీమీటర్లు. దాని మీద ‘కేఏ 36’తో మొదలై సాధారణంగా 10 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. 1080పి కెమెరా బొమ్మకు అడ్డంగా 1,920 పిక్సెళ్లు. లెన్సు అడ్డంగా 120 డిగ్రీలు చూస్తుందనుకుంటే డిగ్రీకి 16 పిక్సెళ్లు పడతాయి. 5 మీటర్ల దూరంలో ఆ ప్లేటు దాదాపు 5.7 డిగ్రీల్లో ఇముడుతుంది, అంటే 92 పిక్సెళ్లు, అక్షరానికి 9. ఇది చదవొచ్చు. 10 మీటర్లకు వెళ్లేసరికి అక్షరానికి నాలుగున్నర పిక్సెళ్లే మిగులుతాయి. అప్పుడు 3కీ 8కీ తేడా తెలియదు. 4కె కెమెరాకు అడ్డంగా 3,840 పిక్సెళ్లు కాబట్టి 5 మీటర్ల దగ్గర దొరికిన స్పష్టత 10 మీటర్ల దాకా దొరుకుతుంది. అంతే, 4కె అనగానే అర కిలోమీటరు అవతలి లారీ నంబరు కనబడదు. మోటారు సైకిల్ వెనక ప్లేటు 200 మిల్లీమీటర్లే, రెండు వరుసలు. దానికి 1080పి అయితే 4 మీటర్లు దాటితే కష్టం.

ఇదంతా పగటిపూట, బండ్లు నిదానంగా ఉన్నప్పుడు. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య బండి 74 సెంటీమీటర్లు జరుగుతుంది. ఎదురు బండి కూడా 80లోనే వస్తే దాదాపు మీటరున్నర. అది 10 మీటర్ల లోపు ఉండేది ఆరేడు ఫ్రేములే. రాత్రి వెలుతురు చాలక షట్టరు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, ఎదుటి హెడ్‌లైటు ప్లేటును తెల్లగా కాల్చేస్తుంది. అందుకే పెట్టె మీద 4కె అని చూసి తృప్తిపడకుండా లోపలి సెన్సారు పేరు అడగండి. సోనీ ఐఎంఎక్స్ 335 సెన్సారు సుమారు 50 లక్షల పిక్సెళ్లది. నిజమైన 4కె బొమ్మకు 83 లక్షలు కావాలి. అయినా 335తో చేసిన కెమెరాలు 4కె పేరుతో అమ్ముడుపోతున్నాయి, కొరవ పిక్సెళ్లను సాఫ్ట్‌వేరు కల్పిస్తుంది. కల్పించిన పిక్సెళ్లలో నంబరు ఉండదు. ఐఎంఎక్స్ 415, 678 సెన్సార్లయితే అసలైన 4కె. కొట్టువాడికి సెన్సారు పేరు తెలియకపోతే ఇంకో కొట్టు చూసుకోవడం మేలు.

ఇప్పుడు రెండో కెమెరా. దేశంలో జరిగే ప్రమాదాల్లో దాదాపు 21 శాతం వెనక నుంచి గుద్దినవే, అన్ని రకాల్లోకీ ఇదే పెద్ద వాటా. కాబట్టి వెనక కెమెరాకు పెట్టిన డబ్బు వృథా కాదు. కానీ మన దగ్గర దానికో శత్రువుంది. నల్లరేగడి దారిలో పది కిలోమీటర్లు పోతే హ్యాచ్‌బ్యాక్ వెనకద్దం మీద దుమ్ము పొర పడుతుంది. కెమెరా అద్దం లోపలే ఉంటుంది కాబట్టి ఆ పొరలోంచే చూడాలి. వెనక వైపరు లేని కారైతే బయల్దేరే ముందు తడిగుడ్డతో తుడవాల్సిందే, లేకపోతే రెండో కెమెరా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మూడో కెమెరా, అంటే లోపలికి చూసేది, సొంత కారుకు అక్కర్లేదని నా అభిప్రాయం. ఇంట్లోవాళ్ల మాటలు రికార్డు చేసుకుని ఏం చేస్తాం? ట్యాక్సీకి, స్కూలు వ్యానుకు, డ్రైవరును పెట్టి నడిపే బండికి మాత్రం అది ముందు కెమెరా అంత అవసరం. డ్రైవరు నిద్రలోకి జారాడా, ఫోను పట్టుకున్నాడా, ప్రయాణికుడితో గొడవ ఎలా మొదలైంది అన్నవి అందులోనే తేలతాయి. కిరాయి బండిలో కెమెరా ఉందని, మాటలు కూడా రికార్డవుతాయని ఒక స్టిక్కరు అంటించండి. లారీకి, బస్సుకు లోపలి కెమెరా కంటే ఎడమ పక్క కెమెరా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే స్కూటరు దూరి డ్రైవరుకు కనిపించకుండా పోయేది ఆ పక్కే. వాటికి కార్ల సెట్లు కాకుండా నాలుగు లేక ఎనిమిది కెమెరాల రికార్డరు పెట్టెలు, స్క్రూతో బిగించే గట్టి కనెక్టర్లు, 15 నుంచి 20 మీటర్ల తీగలు తీసుకోవాలి. లారీ కరెంటు 24 వోల్టులు. 12 వోల్టుల సామాను తగిలిస్తే మొదటి రోజే మాడిపోతుంది.

అన్నిటికంటే పెద్ద పరీక్ష ఎండ. రాయచూరులో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. అమెరికాలో ఇలాంటి ఎండలే కాసే అరిజోనాలో కార్లను ఎండలో గంటసేపు నిలిపి కొలిచారు, ఆ వివరాలు 2018లో వచ్చాయి. లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలు. నీడన నిలిపినవాటిలో డ్యాష్‌బోర్డు 48. లిథియం బ్యాటరీ ఛార్జి కావడానికి మామూలుగా 45 డిగ్రీలు, వాడకానికి 60 డిగ్రీలు హద్దు. అది దాటితే బ్యాటరీ ఉబ్బుతుంది, కెమెరా మూత విచ్చుకుంటుంది. అందుకే లోపల బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరానే కొనండి, అది 65, 70 డిగ్రీలను తట్టుకుంటుంది. మన జిల్లాలో ఈ ఒక్క షరతు మీద బేరం వద్దు. కెమెరాను డ్యాష్‌బోర్డు మీద కాకుండా ముందద్దానికి పైన, లోపలి మిర్రరు వెనక, ఎడమ వైపుకు అంటించండి. అక్కడ వేడి తక్కువ, డ్రైవరు చూపుకు అడ్డం రాదు, వైపరు తిరిగే మేరలోనే ఉంటుంది. అంటించేది పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు. స్పిరిటుతో తుడిచి, టేపు అంటించి, ఒక రోజు ఆగి అప్పుడు కెమెరా తగిలించాలి. మధ్యాహ్నం కొట్టు ముందు ఎండలో అంటించిన టేపు ఎక్కువ రోజులు నిలవదు.

మెమరీ కార్డు దగ్గర చాలామంది పిసినారితనం చూపిస్తారు. ముందు 4కె కెమెరా సెకనుకు 25 మెగాబిట్లు, మిగతా రెండూ పదేసి రాస్తాయనుకుందాం. మొత్తం 45, అంటే గంటకు దాదాపు 20 జీబీ. 128 జీబీ కార్డు ఆరు గంటలకు నిండి పాతవాటి మీద రాయడం మొదలుపెడుతుంది. రాయచూరు నుంచి బెంగళూరు సుమారు 400 కిలోమీటర్లు, ఎనిమిది గంటల పైమాటే. బెంగళూరు చేరేసరికి బయల్దేరిన కొత్తలో జరిగినది కార్డులో ఉండదు. మూడు కెమెరాలకు 256 జీబీ తీసుకోండి. అదే పదేసి మెగాబిట్ల లెక్కన 1080పి రెండింటికైతే గంటకు 9 జీబీ, 128 సరిపోతుంది. రోజుకు మూడు గంటలు తిరిగే మూడు కెమెరాల బండి ఏడాదిలో కార్డు మీద 22 టీబీ రాస్తుంది, 128 జీబీ కార్డును 170 సార్లు చెరిపి రాసినట్టు. ఫోన్లలో వేసే మామూలు కార్డు ఈ చాకిరీకి చేసింది కాదు. ‘హై ఎండ్యూరెన్స్’ అని, వి30 అని రాసినదే కొనాలి. నెలకోసారి కెమెరాలోనే ఫార్మాట్ కొట్టండి.

వైరింగు విషయానికొస్తే, సిగరెట్ లైటరు సాకెట్‌లో గుచ్చితే బండి ఆపాక రికార్డింగు ఉండదు. నిలిపిన బండిని కూడా కాపలా కాయాలంటే ఫ్యూజు బాక్సు నుంచి కనెక్షన్ ఇవ్వాలి. దీనికి వాడే వైరింగు కిట్‌లో సాధారణంగా మూడు తీగలుంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు, ఎరుపుది తాళం తిప్పితే కరెంటొచ్చే ఫ్యూజుకు, నలుపుది బాడీ బోల్టుకు. తీగ కోసి అతికించే ఎలక్ట్రీషియన్ వద్దు. ఫ్యూజు ట్యాప్ వాడమనండి, ఎయిర్‌బ్యాగు, బ్రేకు, ఇంజను కంప్యూటరు ఫ్యూజుల జోలికి పోవద్దనండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారులో తీగ బ్యాగు వెనక నుంచి పోవాలి. ముందు నుంచి పోతే ప్రమాదంలో బ్యాగు విచ్చుకోవడానికి అదే అడ్డం. వెనక తలుపులోకి పోయే తీగను అక్కడి రబ్బరు గొట్టంలోంచి లాగించండి, లేకపోతే తలుపు వేసి తీసే రాపిడికి ఏడాదిలోపే తెగుతుంది.

మూడు కెమెరాలు కలిసి సుమారు 8 వాట్లు తింటాయి, అంటే బ్యాటరీ నుంచి 0.7 ఆంపియర్ల దాకా. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. అందులో సగమే వాడుకోవాలి, కాబట్టి కాగితం మీద 24 గంటలు. రెండేళ్ల పాత బ్యాటరీ అయితే 12 గంటలు కూడా అనుమానమే. బ్యాటరీ తగ్గితే కెమెరాను ఆపేసే కటాఫ్‌ను కిట్‌లో 12.2 వోల్టుల దగ్గర పెట్టించండి. 12.0 దాకా వదిలితే పొద్దున సెల్ఫ్ కొట్టినా బండి లేవదు. తక్కువ ఫ్రేములే తీసే టైమ్‌ల్యాప్స్ పెడితే కార్డు మీద భారం తగ్గుతుంది కానీ కరెంటు ఖర్చు పెద్దగా తగ్గదు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపినప్పుడు మాత్రం పార్కింగ్ మోడ్ పూర్తిగా ఆపేయడమే మంచిది, కాపలా రాత్రికి చాలు. లైను తప్పారని కూసే హెచ్చరికలనూ ఆపేయొచ్చు. సగం రోడ్ల మీద తెల్ల గీతలే లేనిచోట ఆ కూత చెవికి చేటు తప్ప ఇంకేమీ కాదు.

డబ్బు సంగతి. మూడు కెమెరాల మంచి సెట్లు 10 వేల నుంచి 30 వేల దాకా ఉన్నాయి. సొంత కారుకు నా సలహా: అదే డబ్బులో మూడో కెమెరా వదిలి, ముందు అసలైన 4కె, వెనక 1080పి, సూపర్ కెపాసిటర్, జీపీఎస్ ఉన్నది తీసుకోండి. జీపీఎస్ ఉంటే టైము దానంతటదే సరిగ్గా ఉంటుంది, వేగమూ వీడియో మీద పడుతుంది. మనం 80లో పోతుంటే 80 అనే పడుతుందని గుర్తుంచుకోండి. కొన్నాక బీమా కంపెనీకి చెప్పి పాలసీలో రాయించండి. ఎలక్ట్రికల్ సామాను మీద అదనపు ప్రీమియం సాధారణంగా విలువలో 4 శాతం, 15 వేల సెట్టుకు 600.

ఇక చట్టం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం వీడియో కాపీ కోర్టుకు ఇస్తే దానితో రెండు భాగాల ధ్రువపత్రం జత చేయాలి. మొదటిది మనం సంతకం పెట్టేది, రెండోది నిపుణుడిది, రెండింటిలోనూ ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ ఉంటుంది. ఫైలులో ఒక్క ఫ్రేము మార్చినా ఆ విలువ మారిపోతుంది. పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు, అసలు పరికరాన్నే కోర్టు ముందు పెడితే వేరే ధ్రువపత్రం అక్కర్లేదని, కాపీ అయితే తప్పనిసరి అని చెప్పింది. వాట్సాప్‌లో నలుగురికి పంపిన వీడియో కుదించుకుపోయి నంబరు అలుక్కుపోతుంది, సాక్ష్యంగానూ బలహీనమవుతుంది.

కాబట్టి ప్రమాదం జరిగితే, గాయపడినవాళ్లను చూసుకున్నాక, బండి ఆపి కార్డు బయటికి తీయండి. పోలీసులకు ఇస్తే రసీదు తీసుకోండి. పరిహారం దావా 6 నెలల్లోపు వేయాలని 2019 సవరణ చెబుతోంది. కేసు తేలేదాకా ఆ కార్డు మళ్లీ కెమెరాలో పెట్టొద్దు, కొత్తది కొనుక్కోండి.