అర్ధరాత్రి హాస్టల్ గదిలో షావోలిన్!

ఎస్సై ఈవెంట్స్‌లో పోయిన రోజు రాత్రి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. 1600 మీటర్ల పరుగు, కొన్ని సెకన్లలో పోయింది. ఇంటికి ఫోన్ చేసి చెప్పలేదు. లైటార్పేసి దుప్పటి కప్పుకుంటే, పక్క మంచం మీద రూమ్మేట్ ఫోన్లోంచి ఒకటే గోల. ఫట్! ఢిష్! హుయ్యా!

"ఏంట్రా అది?" అన్నాను విసుగ్గా.

"రా మామా, తలకాయలు ఎగిరిపోతున్నాయ్ ఇక్కడ" అన్నాడు.

ఆ సినిమా పేరు 'మాస్టర్ ఆఫ్ ది ఫ్లయింగ్ గిలటిన్'. 1976లో వచ్చింది. హీరో, డైరెక్టర్ రెండూ జిమ్మీ వాంగ్ యూనే. కథలో ఆయనకి ఒక్క చెయ్యే. రెండోది చొక్కాలో దాచుకున్నాడని చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. విలన్‌కి కళ్ళు లేవు. గొలుసు కట్టిన టోపీలాంటిది విసురుతాడు, అది వెళ్ళి ఎదుటివాడి నెత్తిన పడుతుంది, లాగితే తల ఊడొస్తుంది! ఇంకా నయం, మన ఇండియా నుంచి ఒక యోగి కూడా పోటీకి దిగుతాడు. చైనా నటుడికే నల్లరంగు పూసి తలపాగా చుట్టేశారు. చేతులు రబ్బరులా సాగదీసి మరీ కొడతాడు. స్ట్రీట్ ఫైటర్ ఆడినవాళ్ళకి ధాల్సిమ్ గుర్తొస్తాడు. మనవాళ్ళని ఇలా చూపిస్తారా అని కోపం రావాలి. వచ్చింది కూడా, కాకపోతే నవ్వు ఆగాక.

ఆ రాత్రి నుంచి మాకిద్దరికీ ఇదే పిచ్చి. చూసేకొద్దీ ఆ చవకబారుతనమే ముద్దొస్తుంది. అప్పటి హాంకాంగ్ సినిమాల్లో షూటింగ్‌లో మాటలు రికార్డు చేసేవాళ్ళు కాదు. తర్వాత డబ్బింగ్. దానిమీద మళ్ళీ ఇంగ్లీష్ డబ్బింగ్. అందుకే పెదాలు ఆగిపోయాక కూడా మాట వస్తూనే ఉంటుంది. కెమెరా ఒక్కసారిగా ముఖం మీదకి జూమ్ అయిపోతుంది. విలన్ గడ్డం అతికించిందని తెలుస్తూనే ఉంటుంది. 1973లో బ్రూస్ లీ చనిపోయాక, బ్రూస్ లై, బ్రూస్ లే, డ్రాగన్ లీ అంటూ పోలికున్నవాళ్ళందరితో సినిమాలు తీసేశారు. మన రికార్డింగ్ డ్యాన్సుల్లో జూనియర్ చిరంజీవులు లేరూ, అచ్చం అలాగే. మా తాతయ్యకి ఒకటి చూపిస్తే, "విఠలాచార్య సినిమాలా ఉందిరా" అన్నాడు. ఆయన దగ్గర ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు.

నవ్వుకోడానికే అయితే రెండు సినిమాలతో ఆపేసేవాళ్ళం. ఆపలేకపోయింది ఫైట్ల వల్ల. డబ్బుల్లేవు, గ్రాఫిక్స్ లేవు, కాబట్టి మనిషే చెయ్యాలి. ఇప్పటి సినిమాల్లో ఒక గుద్దుకి నాలుగు కట్‌లు. అక్కడ కెమెరా కాస్త వెనక్కి జరిగి, తల నుంచి కాళ్ళ దాకా చూపిస్తూ నిలబడుతుంది. కాలు జారితే మనకి తెలిసిపోతుంది. జాకీచాన్, సమో హంగ్, యువెన్ బియావో ముగ్గురూ చిన్నప్పుడే ఒకే ఒపేరా స్కూల్లో చేరి, ఏళ్ళ తరబడి దెబ్బలు తింటూ ఈ విద్య నేర్చుకున్నవాళ్ళు. 1978 నాటి 'డ్రంకెన్ మాస్టర్'లో జాకీచాన్ తలకిందులుగా వేలాడుతూ, చిన్న కప్పులతో కింది బకెట్‌లో నీళ్ళు ముంచి పైదాంట్లో పోస్తుంటాడు. ఆ పొట్ట కండరాలు డూపువి కావు బాబూ.

అదే 1978లో వచ్చింది 'ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్'. షా బ్రదర్స్ వాళ్ళది. మిగతావాటితో పోలిస్తే వాళ్ళది ఉన్నవాళ్ళ ఇల్లే అనుకోండి. డైరెక్టర్ లావ్ కర్ లియుంగ్, హీరో గోర్డన్ లియూ. పగ తీర్చుకోవాలని ఒక కుర్రాడు షావోలిన్ గుడికొస్తాడు. పగ సంగతి చివర్లో కాసేపే. సినిమా నడుమంతా ట్రైనింగే. వాడు నేరుగా అన్నిటికన్నా పై గదికి వెళ్ళి బోల్తాపడతాడు. కింది నుంచి మొదలుపెట్టమంటారు. భోజనాల గదికి వెళ్ళాలంటే మధ్యలో నీళ్ళు. తేలే దుంగల మోపు మీద అడుగేసి దాటాలి. దాటలేకపోతే తిండి లేదు. వాడు పడతాడు. మళ్ళీ పడతాడు. తర్వాత రెండు చేతులూ బార్లా చాపి నీళ్ళ బకెట్లు మొయ్యాలి. చేతులకి కత్తులు కట్టి ఉంటాయి. దించితే పక్కటెముకల్లో గుచ్చుకుంటాయి.

న్యూయార్క్‌లో ఈ సినిమాలు చూస్తూ పెరిగిన కుర్రాళ్ళు వూ టాంగ్ క్లాన్ అని ర్యాప్ గ్రూప్ పెట్టి, 1993లో తమ మొదటి ఆల్బమ్‌కి ఈ '36 ఛాంబర్స్' పేరే పెట్టుకున్నారు. వాళ్ళకి ఏం తగిలిందో నాకు తెలుసు అనిపించింది.

ఆ బకెట్ల సీను దగ్గర రూమ్మేట్ పాజ్ చేశాడు. "నీ పరుగు ఎక్కడ పోయిందిరా, మొదటి రౌండా, ఆఖరిదా?" అని అడిగాడు. అప్పటిదాకా ఎవరూ అలా అడగలేదు. అందరూ పాసా ఫెయిలా అనే అడిగారు.

"ఆఖరిది. ఊపిరి అందలేదు" అన్నాను.

"ఐదింటికి గ్రౌండ్‌కి పోదాం, నేనూ వస్తా" అన్నాడు. వాడు రాసేది బ్యాంక్ పరీక్ష, వాడికి పరుగుతో పనే లేదు. "ముందు ఇది పూర్తి చేద్దాం, ఇంకా అరగంటే" అని మళ్ళీ ప్లే నొక్కాడు. పొద్దున ఐదింటికి నేను లేపితే మాత్రం దుప్పటి ముసుగు తియ్యలేదు, వెధవ.