50 మైళ్ల ధర్మపన్నాలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ శిబిరాలపై రేగిన రగడలో అందరూ విద్యార్థుల క్షేమం గురించే మాట్లాడారు. అందరి కళ్లూ మాత్రం మ్యాపు మీదే

ఆ ఫొటో ఒక్కరోజులో అమెరికా అంతా తిరిగింది. చొక్కా విప్పేసి, ఖాకీ ప్యాంటుతో హైస్కూలు కుర్రాళ్ల మధ్య బంతి కోసం పరిగెడుతున్న 51 ఏళ్ల వ్యక్తి. పేరు జిమ్ హార్బా. ఉద్యోగం మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కోచ్. జీతం ఏడాదికి 50 లక్షల డాలర్లు. ఫొటో తీసింది మాత్రం మిషిగన్‌లో కాదు. అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అలబామా రాష్ట్రంలోని ప్రాట్‌విల్ అనే చిన్న పట్టణంలో. అది 2015 జూన్. పెద్దమనిషి చొక్కా విప్పినందుకు నవ్వుకున్నవాళ్లే ఎక్కువ. దక్షిణాది కోచ్‌లు మాత్రం నవ్వలేదు. వాళ్ల పెరట్లోకి ఉత్తరాది నుంచి ఒకడు వచ్చి, బహిరంగంగా పిల్లల్ని ఏరుకుంటున్నాడు మరి.

ఈ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరిగెడుతూ, ఎదుటివాణ్ని పడదోస్తూ ఆడే ఆట. అందులోనూ కాలేజీ స్థాయి ఆటకు ఉన్న మోజు బయటివాళ్లకు ఓ పట్టాన అర్థం కాదు. మిషిగన్ జట్టు ఆడే స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. టీవీ హక్కుల డబ్బు వందల కోట్ల డాలర్లలో ఉంటుంది. ఆడేవాళ్లు మాత్రం అప్పట్లో 'విద్యార్థి క్రీడాకారులు'. వాళ్లకు దక్కేది స్కాలర్‌షిప్, కాస్త ఖర్చుల డబ్బు. జీతం ఇవ్వడం నిషిద్ధం. డబ్బిచ్చి ఆటగాణ్ని కొనుక్కునే వీలు లేదు కాబట్టి, 16-17 ఏళ్ల కుర్రాణ్ని ముందుగా పసిగట్టి, మచ్చిక చేసుకుని, తన కాలేజీకే వచ్చేలా ఒప్పించడమే అసలు పోటీ. ఏ కోచ్ భవితవ్యమైనా సగం అక్కడే తేలిపోతుంది.

ఇందులో భూగోళం పాత్ర తక్కువేమీ కాదు. ఫ్లోరిడా, జార్జియా, టెక్సస్, అలబామా, లూయీజియానా లాంటి రాష్ట్రాలు ఈ ఆటకు గనులు. వాటిలో ఎక్కువ భాగం సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్ఈసీ) అనే కాలేజీల కూటమి ఇలాకా. మిషిగన్, ఒహాయో స్టేట్, పెన్ స్టేట్ లాంటి ఉత్తరాది దిగ్గజాలది బిగ్ టెన్ కూటమి. వాటికి పేరు ఉంది, డబ్బు ఉంది, లక్షల్లో అభిమానులున్నారు. కానీ పాత పారిశ్రామిక రాష్ట్రాల నుంచి జనం దశాబ్దాలుగా దక్షిణానికి, పడమరకు తరలిపోతున్నారు. వాళ్ల వెంటే ఆటగాళ్లూ పోయారు.

జాతీయ కాలేజీ క్రీడల సంఘం (ఎన్‌సీఏఏ) అప్పటి నిబంధన ప్రకారం ఏ కాలేజీ అయినా వేసవి శిక్షణ శిబిరాన్ని తన రాష్ట్రంలోనో, లేదా క్యాంపస్‌కు 50 మైళ్ల లోపలో పెట్టుకోవాల్సి ఉండేది. అయితే ఇంకొకరు పెట్టిన శిబిరానికి 'అతిథి కోచ్'గా ఎంత దూరమైనా వెళ్లే వీలుండేది. ఆ కంతలోంచి పుట్టినవే శాటిలైట్ క్యాంపులు. ఎస్ఈసీ తన కోచ్‌లను ఆ పనికి కూడా పోనివ్వకుండా సొంతంగా కట్టడి చేసుకుంది. ఇంటి చుట్టూ గని ఉన్నవాడికి ఊరు దాటే పనేముంది? 2014లో పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ తన బలగంతో జార్జియా, ఫ్లోరిడాల్లోని చిన్న కాలేజీల శిబిరాలకు వెళ్లినప్పుడే సణుగుడు మొదలైంది. ఫ్రాంక్లిన్ అంతకుముందు ఎస్ఈసీలోని వాండర్‌బిల్ట్‌లో కోచ్. అక్కడున్నంత కాలం కట్టడి పాటించినవాడు, కూటమి మారగానే కంత వాడుకున్నాడు. మరుసటి ఏడాది హార్బా వచ్చి ఆ కంతను సింహద్వారం చేశాడు. ఏడు రాష్ట్రాలు చుట్టివచ్చాడు.

గగ్గోలు పెట్టినవాళ్లు తమ ఇలాకా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కుర్రాడు కాలేజీని ఎంచుకునేటప్పుడు క్యాంపస్ చూడాలి, తరగతి గదులు చూడాలి, ఎక్కడో పరాయి మైదానంలో నిర్ణయం తీసుకోకూడదు అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ క్యాంపస్ చూడటానికి ఖర్చెవరిది? కాలేజీ తన డబ్బుతో పిలిపించే అధికారిక సందర్శన అప్పటి నిబంధనల ప్రకారం హైస్కూలు ఆఖరి ఏడాదిలోనే. ఆలోపు వెళ్లాలంటే విమానం టికెట్టు, హోటలు అద్దె తల్లిదండ్రులే పెట్టుకోవాలి. అలబామాలోని ఓ పేద కుటుంబం కొడుకును మిషిగన్ తీసుకెళ్లి చూపించాలంటే అయ్యే పని కాదు. కోచే ఆ ఊరికి వస్తే ఆ కుర్రాడికి మరో తలుపు తెరుచుకున్నట్టే.

అలాగని హార్బా సంచార ధర్మాసుపత్రి నడుపుతున్నాడని అనుకోనక్కర్లేదు. పిల్లలకు అవకాశాలు ఇవ్వడమే తన ఉద్దేశమని ఆయన చెప్పుకున్నాడు. మొదటి యాత్రలోని మజిలీలు చూస్తే ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియా, అలబామా. అవకాశాలు కరువైన చోట్లు కావవి, ఆటగాళ్లు పుష్కలంగా దొరికే చోట్లు. 2016 వసంతంలో మరో అడుగు వేసి, సెలవుల్లో జట్టు మొత్తాన్ని ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి తీసుకెళ్లి ప్రాక్టీసు చేయించాడు. ఆ అకాడమీ దేశంలోనే మేటి హైస్కూలు ఆటగాళ్లు చదివే చోటు కావడం కాకతాళీయం కాదు. విద్యార్థుల సెలవులు హరించుకుపోతున్నాయని ఎస్ఈసీ కమిషనర్ గ్రెగ్ శాంకీ ఎన్‌సీఏఏకు ఫిర్యాదు చేశాడు. ఏటా క్రిస్మస్ రోజుల్లో బౌల్ మ్యాచ్‌ల కోసం అన్ని కూటముల పిల్లలూ ప్రాక్టీసులోనే ఉంటారన్న సంగతి ఆ సందర్భంలో ప్రస్తావనకు రాలేదు.

2016 ఏప్రిల్ 8న ఎన్‌సీఏఏ మండలి శాటిలైట్ క్యాంపులను నిషేధించింది. తక్షణం అమల్లోకి వచ్చేలా. కాలేజీ శిబిరం సొంత మైదానాల్లోనే జరగాలి, కోచ్‌లు సొంత శిబిరాల్లోనే పనిచేయాలి. ఓట్లు 10-5. ఇందులో అయిదు పెద్ద కూటములకు తలా రెండు ఓట్లు, చిన్నవాటికి ఒక్కొక్కటి. పెద్దవాటిలో నిషేధాన్ని వ్యతిరేకించింది బిగ్ టెన్ ఒక్కటే. పశ్చిమ తీరంలోని పాక్-12 కూటమి కూడా నిషేధానికే ఓటేయడం చూసి ఆ కూటమి కాలేజీలే నివ్వెరపోయాయి. తమ 12 కాలేజీల్లో 11 నిషేధానికి వ్యతిరేకమని ఆ కూటమి కమిషనర్ లారీ స్కాట్ స్వయంగా చెప్పాడు. కూటమి తరఫున ఓటేసిన యూసీఎల్ఏ క్రీడా డైరెక్టర్ డాన్ గెరెరో తర్వాత వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ రెండు ఓట్లు అటు పడివుంటే లెక్క 8-7.

దెబ్బ ఎవరికి తగిలిందో అప్పుడు బయటపడింది. మిషిగన్‌కు కాదు. దానికి విమానాలున్నాయి, పేరుంది. నష్టపోయింది ఒహాయో, మిషిగన్ పరిసరాల్లోని మిడ్-అమెరికన్ కూటమి లాంటి చిన్న కాలేజీలు. వాటి కోచ్‌లు ఏటా పెద్ద కాలేజీల శిబిరాలకు అతిథులుగా వెళ్లి, వచ్చిన వందలాది కుర్రాళ్లలో పెద్దవాళ్ల కంటికి ఆననివాళ్లను చూసుకునేవారు. దేశమంతా తిరిగే బడ్జెట్ వాటికి లేదు. నిషేధంతో ఆ దారి మూసుకుపోయింది. దాంతోపాటే, ఏ పెద్ద కోచ్ జాబితాలోనూ లేని ఆ కుర్రాళ్ల దారీ. తమకు స్కాలర్‌షిప్ దొరికింది అలాంటి శిబిరంలోనేనని ఆటగాళ్లు ట్విటర్‌లో వరసగా రాశారు. కొన్ని కాలేజీల స్వార్థం పిల్లల ప్రయోజనాన్ని మింగేసిందని వాషింగ్టన్ స్టేట్ కోచ్ మైక్ లీచ్ మండిపడ్డాడు. ఓటేసిన గదిలో పిల్లల మాట వినిపించే ఏర్పాటేదీ లేదు.

మిసిసిపీ యూనివర్సిటీ కోచ్ హ్యూ ఫ్రీజ్ మాత్రం మనసులో మాట దాచుకోలేదు. ఇప్పటికే కుటుంబానికి దూరంగా ఉంటున్నానని, ఈ శిబిరాలు కూడా నెత్తిన పడకూడదని కోరుకున్నానని చెప్పాడు. ఈ మొత్తం వ్యవహారంలో అంత నిజాయతీగా వచ్చిన మాట మరొకటి లేదేమో. హార్బా ఊరుకుంటాడా! పెద్ద ఇంట్లో కూర్చుని ఏడాదికి 50 లక్షల డాలర్లు తీసుకునేవాడు తన సమయం త్యాగం చేయలేనంటున్నాడని స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికకు ఎద్దేవాగా చెప్పాడు. ఆ అంకె తన జీతమూనని గుర్తుచేసుకున్నట్టు లేదు.

నిషేధం నిలిచింది 20 రోజులే. న్యాయశాఖ కూడా ఆరా తీస్తోందని వార్తలు వస్తుండగా, ఏప్రిల్ 28న ఎన్‌సీఏఏ బోర్డు దాన్ని ఎత్తేసింది. సరిగ్గా అదే రాత్రి వృత్తి ఆటగాళ్ల ఎంపిక కార్యక్రమంలో, ఫ్రీజ్ శిష్యుడు లారెమీ టన్‌సిల్‌ను విలేఖరులు ఓ ప్రశ్న అడిగారు. కాలేజీలో కోచ్ దగ్గర డబ్బు తీసుకున్నావా అని. అవుననే అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. ఆటగాళ్ల ఎంపికలో అక్రమాలకు గాను 2017 డిసెంబర్‌లో ఎన్‌సీఏఏ ఆ యూనివర్సిటీపై ఆంక్షలు విధించింది. ఫ్రీజ్ అప్పటికే, ఆ జులైలో, వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించిన వ్యవహారంలో పదవి వదులుకున్నాడు.

నెల తిరిగేసరికి అలబామా కోచ్ నిక్ సేబన్ గొంతు లేచింది. ఈ శిబిరాలకు అదుపూ ఆజ్ఞా లేదు, ఎవరో మూడోవాడు శిబిరం పెట్టి డబ్బు వసూలు చేస్తే ఆ డబ్బు ఎటు పోతోందో ఎవరు చూస్తున్నారు అని నిలదీశాడు. నిజానికి ఈ రగడలో వినిపించిన వాదనల్లో కాస్త బరువున్నది ఇదే. దళారులకు చోటిచ్చే ఏర్పాటు ఎక్కడైనా ప్రమాదకరమే. చెప్పినవాడు సేబన్ కావడమే చిక్కు. వసంతకాలపు పరిశీలన వారాల్లో ప్రధాన కోచ్‌లు స్కూళ్లకు వెళ్లకూడదని 2008లో ఓ నిబంధన వచ్చింది. దానికి లోకం పెట్టుకున్న పేరు 'సేబన్ రూల్'. అలా తిరగడంలో ఆయనంతటివాడు లేడు మరి. పైగా ఆ వసంతంలోనే ఆయన సహాయ కోచ్ ఒకరు ఎంపిక నిబంధనల ఉల్లంఘన ఆరోపణల మధ్య తప్పుకున్నాడు. నిబంధనలు మీరినవాళ్లు మాకు పాఠాలు చెబుతున్నారా అని హార్బా ట్వీట్ చేశాడు. ఆయనేమనుకుంటాడో నాకనవసరమని సేబన్ తోసిపుచ్చాడు. ఆ వేసవిలో ఎస్ఈసీ తన కట్టడి తీసేసింది. అలబామా కోచ్‌లు కూడా శిబిరాల బాట పట్టారు.

ఉత్తరాదివాళ్ల ఆదర్శానికీ అదే వేసవిలో పరీక్ష ఎదురైంది. న్యూజెర్సీలో రట్గర్స్ కూడా బిగ్ టెన్ కాలేజీయే. ఎక్కడైనా ఎవరైనా శిబిరం పెట్టవచ్చన్న కూటమి. అయినా తమ రాష్ట్రంలోని పరామస్ కాథలిక్ స్కూలుకు హార్బా వస్తున్నాడని తెలిసి, అదే రోజు, జూన్ 8న, పోటీగా మరో శిబిరం పెట్టింది. దానికి మిషిగన్ ఆగర్భశత్రువు ఒహాయో స్టేట్ కోచ్ అర్బన్ మేయర్‌ను పిలిచింది. పరామస్ కాథలిక్ మాజీ కోచ్ క్రిస్ పార్ట్రిడ్జ్ అప్పటికే మిషిగన్ ఉద్యోగి. ఆ స్కూలు నుంచే వచ్చిన, ఆ ఏడాది దేశంలో అగ్రశ్రేణి ఆటగాడిగా పేరున్న రషాన్ గ్యారీ కూడా మిషిగన్‌లోనే చేరాడు. పిల్లలకు దగ్గరివాళ్లను కొలువులో పెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం కాదు. అప్పటికి.

2017 ఏప్రిల్‌లో అందరికీ తలా కాస్త పంచుతూ రాజీ కుదిరింది. శిబిరాలు జూన్, జులైల్లో పది రోజులకు మించకూడదు, కాలేజీ మైదానాల్లోనే జరగాలి. ఆటగాళ్లకు దగ్గరివాళ్లను రెండేళ్ల పాటు ఉద్యోగంలోకి తీసుకోకూడదు. సెలవుల్లో బయట ప్రాక్టీసు పెట్టకూడదన్న నిబంధనకు అంతకుముందే ఆమోదం దొరికింది. ఈ చివరిది అమల్లోకి రాకముందే హార్బా జట్టును రోమ్‌కు తీసుకెళ్లి వచ్చాడు.

50 మైళ్ల గీత మీద అంతగా కొట్టుకున్న కూటములకు తర్వాత ఎల్లలే లేకుండా పోయాయి. టెక్సస్, ఓక్లహోమా 2024లో ఎస్ఈసీలో చేరాయి. అదే ఏడాది లాస్ ఏంజెలిస్ నుంచి యూసీఎల్ఏ వచ్చి బిగ్ టెన్‌లో కూర్చుంది, నాడు నిషేధానికి చేయెత్తిన డైరెక్టరు కాలేజీయే. సేబన్ 2024 జనవరిలో రిటైరయ్యాడు. హార్బా అదే నెలలో మిషిగన్‌కు జాతీయ టైటిల్ అందించి వృత్తి ఫుట్‌బాల్‌కు వెళ్లిపోయాడు. కోవిడ్ కాలంలో ఆటగాళ్ల ఎంపిక నిబంధనలు ఉల్లంఘించినందుకు 2024 ఆగస్టులో ఎన్‌సీఏఏ ఆయనపై నాలుగేళ్ల ఆంక్ష ప్రకటించింది.

డబ్బు సంగతీ మారింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాది పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధనా పోయింది. ఒకప్పుడు పెద్దవాళ్ల శిబిరాల్లో మిగిలిపోయిన కుర్రాళ్లను వెతుక్కున్న మిడ్-అమెరికన్ కాలేజీలు ఇప్పుడూ అలాంటివాళ్లనే తెచ్చుకుని సానపెడుతున్నాయి. బాగా ఆడితే ఏడాదికో రెండేళ్లకో పెద్ద కాలేజీ చెక్కు పట్టుకుని వస్తుంది. శిబిరం ఖర్చు కూడా పెట్టనక్కర్లేకుండా.