ఊరందరి దారపుండ

మా అత్తగారికి ఒక అలవాటుండేది. పచారీ కొట్టునుంచి వచ్చిన పొట్లాల దారం ఒక్క మూరైనా పారేసేవారు కాదు. చిక్కు తీసి, ముక్కకి ముక్క ముడేసి, వంటింటి గూట్లో ఉన్న ఉండకి చుట్టేసేవారు. పూలు కట్టాలన్నా, పప్పు సంచి మూతి బిగించాలన్నా, గుమ్మానికి మామిడాకులు కట్టాలన్నా ఆ ఉండే దిక్కు. అయినా మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. మీ ఇళ్ళల్లోనూ అలాంటి ఉండ ఒకటి ఉండే ఉంటుంది.

సరిగ్గా అలాంటి ఉండే పెరిగి పెరిగి, ఒక ఊరికి గుర్తయి కూర్చున్న సంగతి ఈవేళ మీకు చెబుతాను.

అమెరికా నడిమధ్యన కాన్సస్ రాష్ట్రం ఉంది. కనుచూపుమేర గోధుమచేలూ, గడ్డినేలలూ. దానికి ఉత్తరంగా, 24వ నంబరు రహదారి మీద కాకర్ సిటీ అనే ఊరుంది. పేరులో సిటీ ఉంది గానీ, 2020 జనాభా లెక్కల్లో అయిదువందలమంది కూడా లేరు! ఊరు కట్టిన నలుగురూ పేకాట ఆడి, గెలిచినాయన పేరు పెట్టుకున్నారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ఆ ఊళ్ళో ఫ్రాంక్ స్టోబర్ అనే రైతు ఉండేవాడు. ఆ రోజుల్లో అక్కడ ఎండుగడ్డిని మనలాగా వాము వెయ్యకుండా, యంత్రంతో దిమ్మెల్లా నొక్కి కిత్తనార పురికొసతో బిగించి కట్టేవారు. పశువులకి వేసేటప్పుడు పురికొస కోసేస్తారు గదా, ఆ ముక్కలు కొట్టం నిండా పడుండేవి. మనిషి కాళ్ళకి చుట్టుకుంటాయి. గడ్డితో బాటు పశువు మింగిందా, కడుపులో మెలిపడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఏరక తప్పదు. అందరూ ఏరేవారే. స్టోబర్ మాత్రం 1953లో, ఏరినవాటిని ముడేసి చుట్టడం మొదలుపెట్టాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఉండ 8 అడుగుల ఎత్తయింది, 5,000 పౌన్లు తూగింది. మన లెక్కన 22 క్వింటాళ్ళ పైమాట. కాన్సస్ రాష్ట్రమై నూరేళ్ళు నిండిన 1961లో, ఆయన దాన్ని ఊరికి ఇచ్చేశాడు. 1974లో కాలం చేశాడు.

ఇంతకన్న ముందే, 1950లో, మినెసోటా రాష్ట్రంలోని డార్విన్ అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ జాన్సన్ అనే ఆయన కూడా ఇదే పని పెట్టుకున్నాడు. రోజుకి నాలుగేసి గంటల చొప్పున 29 ఏళ్ళు చుట్టాడు. ఉండ బరువెక్కాక, రైలు పెట్టెల్ని ఎత్తే జాకీలు పెట్టి లేపి మరీ చుట్టేవాడు. ఎంత పట్టుదల చూడండి! ఒక్క మనిషి చేతిమీద తయారైనవాటిలో అదే పెద్దదంటారు. ఇప్పుడది అద్దాల గదిలో ఉంది. చూడొచ్చు, ముట్టుకోకూడదు.

కాకర్ సిటీ వాళ్ళు వేరే దారి పట్టారు. స్తంభాల మీద కప్పు వేసి, ఉండని రోడ్డు పక్కనే ఉంచారు. ఎవరొచ్చినా ఒక ముక్క చేర్చి చుట్టొచ్చన్నారు. ఏటా ఆగస్టులో అందరూ కలిసి చుట్టే పండుగొకటి పెట్టుకున్నారు. దానితో ఆయన పోయిన తరువాత కూడా ఉండ పెరుగుతూనే ఉంది. చుట్టుకొలత 40 అడుగులు దాటింది. బరువు తొమ్మిది టన్నుల పైమాటే. తన బరువుకి తనే కుంగి, ఎత్తు తగ్గి అడ్డంగా సాగింది. మన ఆడవాళ్ళలాగే అనుకోండి!

దీనివల్ల ఊరు బాగుపడిపోయిందని చెప్పను. అక్కడ పల్లెలదీ మన పల్లెల కథే. యంత్రాలొచ్చి పొలంలో మనుషుల పని తగ్గింది, చదువుకున్న పిల్లలు పట్నాలు చేరారు. రోడ్డున పోయే కారుకి ఆ ఊళ్ళో ఆగే పనేముంది? ఉండని చూడ్డానికి ఆగుతుంది. దిగినవాళ్ళు అంత కాఫీ తాగుతారు, ఊరివాళ్ళతో రెండు మాటలాడతారు. ఎక్కడెక్కడివాళ్ళ ముడులో అందులో ఉన్నాయి.

మా అమ్మాయి కాన్సస్ సిటీ దగ్గర ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు, పొద్దున్న బయలుదేరి మధ్యాహ్నానికి అక్కడికి చేరాం. దగ్గరికి పోతే ఎండుగడ్డి వాసన. నా చేతికి పురికొస ముక్క ఇచ్చారు. ముడి వేస్తే జారిపోతోంది. రెండు కొసలూ కలిపి మెలేసి వెనక్కి మడిచి లాగేది మా అత్తగారు. అలాగే వేశాను, బిగిసింది. "ఈ ముడి ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అంది అమ్మాయి.

చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉంది గానీ, ఆవిడ పోయాక ఇల్లు మారేటప్పుడు ఆ గూట్లో ఉండని చెత్తలో వేసింది నేనే. కొబ్బరికాయంత ఉండేది. మళ్ళీ చుడదామంటే, ఇప్పుడు పొట్లాలూ లేవు, వాటికి కట్టే దారమూ లేదు. సామానంతా ప్లాస్టిక్ సంచుల్లో వస్తోంది.