బల్బు వెలిగితే వైరింగ్ సరిగ్గా ఉన్నట్టేనా?

రంజాన్ దగ్గర పడుతుందంటే ఇంట్లో చిన్న చిన్న పనులు మొదలవుతాయి. వంటగదిలో ఇంకో ప్లగ్గు కావాలి, బాల్కనీలో సీరియల్ లైట్లు కట్టాలి, కూలర్‌కు వేరే లైను లాగాలి. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే 'సాయంత్రం వస్తా భాయ్' అంటాడు, రెండు రోజులైనా రాడు. దాంతో ఒక వీడియో చూసి, టెస్టరు, టేపు చుట్ట తెచ్చుకుని ఇంట్లోవాళ్లే పని కానిచ్చేస్తారు. స్విచ్ వేయగానే బల్బు వెలుగుతుంది. అల్‌హమ్‌దులిల్లాహ్, డబ్బులు మిగిలాయి అనుకుంటారు.

కొన్ని నెలల తర్వాత ఇంకేదో పనిచేయక ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు. బోర్డు విప్పే ముందు అతను అడిగే మొదటి మాట, 'దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?' చాలా ఇళ్లలో వచ్చే జవాబు, 'లేదు భాయ్, మేమేం ముట్టుకోలేదు.' మొహమాటం కొద్దీ చెప్పే ఆ మాట అతని ప్రాణం మీదికే తేవచ్చు. కరెంటు పనిలో భయపడాల్సింది పనిచేయని తప్పుకు కాదు, పనిచేస్తూ కనిపించే తప్పుకు.

స్విచ్ ఆపినా షాక్ ఎందుకు?

బల్బుకు రెండు వైర్లు వెళ్తాయి. ఒకటి ఫేజ్, రెండోది న్యూట్రల్. స్విచ్ ఎప్పుడూ ఫేజ్ వైరు మీదే ఉండాలి. పొరపాటున న్యూట్రల్ మీద పెట్టినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. తేడా బయటికి తెలియదు. కానీ స్విచ్ ఆపిన తర్వాత కూడా హోల్డర్ దాకా 230 వోల్టులు వచ్చే ఉంటాయి. స్విచ్ ఆపాను కదా అనే ధైర్యంతో బల్బు మార్చే మనిషికి షాక్ కొడుతుంది.

ఈ తప్పుకు ఒక కారణం వీడియోలే. మన దగ్గర ఇంటి వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం రంగులు ఫేజ్‌కు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తింగ్‌కు వాడతారు. అమెరికాలో నల్ల వైరే ఫేజ్, తెల్లది న్యూట్రల్. యూరప్ పద్ధతిలో నీలం న్యూట్రల్. అక్కడి వీడియో చూసి ఇక్కడ వైరు కలిపితే లెక్క తారుమారు అవుతుంది. పైగా పాత ఇళ్లలో రంగుల పద్ధతి పాటించారనే నమ్మకం కూడా ఉండదు. అందుకే పని తెలిసినవాళ్లు రంగును నమ్మరు, ప్రతి వైరునూ చెక్ చేసుకుంటారు.

మూడో పిన్ను కథ

ఇనుప కూలర్, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, గీజర్ లాంటి వాటికి ప్లగ్గులో మూడో పిన్ను ఉంటుంది. అదే ఎర్తింగ్. లోపల ఫేజ్ వైరు తొక్క లేచి రేకుకు తగిలితే ఆ కరెంటు ఎర్తింగ్ గుండా భూమిలోకి పోవాలి. కొందరు సాకెట్‌లో పట్టడం లేదని ఆ పిన్నునే విరగ్గొడతారు. ఇంకొందరు, ఇంట్లో ఎర్తింగ్ లేదని, సాకెట్ లోపల న్యూట్రల్ నుంచి ఎర్త్ పాయింట్‌కు చిన్న వైరు ముక్క కలుపుతారు. రెండోది ఇంకా ప్రమాదం. మెషిన్ మామూలుగానే తిరుగుతుంది. కానీ ఏదో ఒక రోజు ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే, కూలర్ రేకు మొత్తం కరెంటు అవుతుంది. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి నీళ్లు పోసేది ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలే.

ఎంసీబీ పడిపోతోందని పెద్దది వేస్తే

సెహ్రీ వేళ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు 1500 వాట్ల కెటిల్, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె కలిపితే దాదాపు 11 ఆంపియర్లు లాగుతాయి. మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లకే. ఎంసీబీ పడిపోవచ్చు. పడిపోవడమే దాని పని. అది పదే పదే పడిపోతోందని 10 ఆంపియర్లది తీసి 32ది వేస్తే ఇక పడదు, గోడలో వైరు కాలుతుంది. ఎంసీబీ కాపాడేది వైరునే. లైట్లకు వేసిన ఒకటిన్నర ఎం.ఎం. వైరు మీద గీజరో ఏసీయో నడపకూడదు. మామూలుగా పవర్ ప్లగ్గుకు రెండున్నర, ఏసీకి నాలుగు ఎం.ఎం. రాగి వైరు వేస్తారు. పాత ఫ్యూజు పోయినప్పుడు అందులో దొరికిన రాగి తీగ చుట్టడం కూడా ఇదే తప్పు.

మంచి పరికరం మీద నింద

మనిషిని షాక్ నుంచి కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే లైను కట్ చేస్తుంది. ఎంసీబీ అంత చిన్న తేడాను పట్టించుకోదు.

ఇక్కడే ఎలక్ట్రీషియన్లకు మాట పడుతుంది. కొత్తగా ఆర్‌సీసీబీ పెట్టగానే అది ఆగకుండా పడిపోతుంది. 'నువ్వు రాకముందు అన్నీ బాగానే ఉన్నాయి, తీసెయ్' అంటారు ఇంటివాళ్లు. నిజానికి ఎప్పుడో ఎవరో ఒక గది న్యూట్రల్‌ను ఇంకో లైనుకు కలిపి ఉంటారు, లేదా ఎర్తింగ్‌కు తగిలించి ఉంటారు. ఆ పాత తప్పును పరికరం ఇప్పుడు బయటపెట్టింది. దాన్ని వెతకాలంటే ఒక్కో బోర్డు విప్పి చూడాలి. కనెక్షన్ ఇవ్వడం పది నిమిషాల పని, దాచిన జాయింటు దొరకబట్టడం పూట పని. కూలీ ఎందుకు ఎక్కువైందంటే ఇందుకే.

చెప్పేయడమే మేలు

ఎలక్ట్రీషియన్ రాగానే ఏ బోర్డు విప్పారో, ఏ వైరు ఎక్కడ కలిపారో సిగ్గుపడకుండా చెప్పాలి. ఇన్వర్టర్ లైను ఏ గదుల్లోకి వెళ్లిందో తప్పకుండా చెప్పాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ కరెంటు వస్తూనే ఉంటుంది. తెలియక చేయి పెడితే అతనికి దెబ్బ తగులుతుంది. అతనికీ ఇంట్లో పిల్లలుంటారు.

అద్దె ఇంట్లో ఉంటే చేసిన మార్పులు ఓనరుకూ, ఖాళీ చేసేటప్పుడు తర్వాత వచ్చేవాళ్లకూ తెలియాలి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడాలి. లైను కట్ కాకపోతే ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. స్విచ్‌బోర్డు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా, కుళాయి ముట్టుకుంటే జివ్వుమన్నా మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపి, పని తెలిసినవాళ్లను పిలవాలి. స్తంభం, సర్వీసు వైరు జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. దానికి 1912కు ఫోన్ చేయాలి.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగకూడదు. ముందు మెయిన్, ఇన్వర్టర్ ఆపాలి. వీలుకాకపోతే పొడి నేల మీద నిలబడి, ఎండిన కర్రతో మనిషిని పక్కకు తప్పించి 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లో ఎవరో కలిపిన వైరు ఇప్పటికీ గోడలో ఉంటే, ఈసారి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు అతను అడగకముందే ఆ సంగతి చెప్పేయాలి. బిల్లు కాస్త పెరిగితే పెరుగుతుంది, ప్రాణాలు మిగులుతాయి.