ఒక్క మజిలీకి ఒక్క కథ



మా కెలమంగలం పక్క ఇళ్లలో రాత్రి అన్నాలయ్యాక పిల్లలు "అవ్వా, ఒక కత చెప్పు" అని అడుగుతారు. అది అయిపోగానే "ఇంకొకటి" అంటారు. కథల సంపుటి అనే పుస్తకానికి పునాది ఈ రెండు మాటలే. అందులోనూ మాయలు, మంత్రాలు, గ్రహాల మీదికి ప్రయాణాలు ఉండే కథల సంపుటాలు మనల్ని ఎందుకంతగా పట్టుకుంటాయో ఈ పూట చెప్పుకుందాం.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పన్నెండు భాగాల పుస్తకం. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతూ ఒక గోపకుమారుణ్ణి తోడు రమ్మంటాడు. మజిలీ మజిలీకీ కథ చెబితేనే వస్తానంటాడు ఆ పిల్లవాడు. దూరం నడిచేవాడికి కథ ఎంతుండాలి? అలసట తీరేటంత, మళ్లీ రేపటి నడకకు ఉత్సాహం వచ్చేటంత. ఆ కొలత ఇప్పటికీ మారలేదు.

కొరవి గోపరాజు రాసిన ‘సింహాసన ద్వాత్రింశిక’లోనూ అంతే. భోజరాజు సింహాసనం ఎక్కబోతే, దానికున్న ముప్పైరెండు బొమ్మలూ ఒక్కొక్కటిగా కథ చెప్పి ఆపుతాయి. బేతాళ కథల్లో శవం మోస్తున్న రాజుకు దారిలో కథ, చివర ఒక చిక్కుప్రశ్న. కథలు పూలైతే, ఈ చుట్టుకథ దండలో దారం. ఒక పూవు నచ్చకపోయినా దండ పారేయము కదా! నవల అలా కాదు. మధ్యలో విసుగు పుడితే పుస్తకమే మూతపడుతుంది.

అద్భుత కథకు చిన్న రూపం ఎందుకు నప్పుతుంది? కారణం ఇది. ఇటువంటి కథలో రచయిత మనకు తెలిసిన లోకంలో ఒక్క నియమం మారుస్తాడు. "ఇలా జరిగితే ఏమవుతుంది?" అని ఒక్క ప్రశ్న వేస్తాడు. జయంత్ నార్లీకర్‌గారు "బొంబాయిలో మంచు కురిస్తే?" అని ఊహించి హిమయుగం గురించి కథ రాశారు. ఆ ప్రశ్నకు జవాబు తేలగానే కథ ముగియవచ్చు. పేజీ తిప్పితే మరొక ప్రశ్న, మరొక లోకం. ఇరవై కథలుంటే ఇరవై లోకాలు.

సైన్సు కథలు పెరిగింది కూడా పత్రికల్లోనే. అమెరికాలో 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ అనే పత్రిక మొదలుపెట్టారు. ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’ 1942 నుంచి పత్రికలో కథలుగా వచ్చి, 1951లో పుస్తకమైంది. పత్రిక చిరిగిపోతుంది, పాతకాగితాల్లో కలిసిపోతుంది. ఏరి కూర్చిన సంపుటి మాత్రం మిగులుతుంది.

మన దేశంలో నార్లీకర్‌గారు 1974లో ఒక మరాఠీ కథల పోటీకి మారుపేరుతో కథ పంపి బహుమతి పొందారు. 1993లో బాల్ ఫోండ్కే సంపాదకత్వంలో నేషనల్ బుక్ ట్రస్టు ‘ఇట్ హాపెన్డ్ టుమారో’ అనే భారతీయ సైన్సు కథల సంపుటిని ఇంగ్లీషులో వేసింది. అందులో తమిళ రచయిత సుజాత, కన్నడ రచయిత రాజశేఖర భూసనూరమఠ పక్కపక్కన కనిపిస్తారు. మూడు భాషలు వినిపించే మన సంతలాంటిదే ఆ పుస్తకం.

ఇది మనకెందుకంటారా? 2006 నాటి చట్టం తర్వాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవలసిందే, దాంట్లో తప్పులేదు. అయితే ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే పిల్లవాడు తెలుగు అక్షరం కూడబలుక్కుంటున్నాడు. వాడి చేతికి మూడువందల పేజీల నవల ఇస్తే భయపడతాడు. నాలుగు పేజీల బేతాళ కథ ఇవ్వండి. చివరి ప్రశ్నకు జవాబు తెలిసేదాకా పుస్తకం దించడు. తరగతిలో నేను చూసిన సంగతి ఇది. ఒక కథ ముగించానన్న ధైర్యమే రెండో కథ చదివిస్తుంది.

ఒకప్పుడు ఈ పని ‘చందమామ’ చేసింది. 1947లో తెలుగులోనూ తమిళంలోనూ మొదలై, పాతిక బేతాళ కథలు అయిపోయినా కొత్తవి అల్లుతూ ఏళ్ల తరబడి నడిపింది. ఇప్పుడు ఆ పత్రిక రావడం లేదు. ఆ ఖాళీ మనమే నింపుకోవాలి.

చివరిగా గుణాఢ్యుడి గాథ. ఏడు లక్షల శ్లోకాల ‘బృహత్కథ’ను పైశాచీ భాషలో రాశాడని శాతవాహన రాజు తోసిపుచ్చాడట. కవి అడవిలో కూర్చుని, ఒక్కొక్క పత్రం జంతువులకు చదివి వినిపించి మంటలో వేశాడు. జంతువులు మేత మాని విన్నాయి. రాజు పరుగెత్తి వచ్చేసరికి మిగిలింది ఒక్క లక్ష. ఆ మిగిలినదే పదకొండో శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’గా పారిందంటారు. బేతాళుడు అందులోనూ ఉన్నాడు.

మన అవ్వల దగ్గర ఉన్న కతలు కూడా అలాగే పత్రం పత్రం పోతున్నాయి. ఈ రాత్రి ఒక్క కత అడగండి. మీ పిల్లవాడిచేత, ఎన్ని తప్పులు వచ్చినా సరే, తెలుగులో రాయించండి. ముప్పై ఇళ్లలో ముప్పై కతలు రాస్తే, అదే ఒక సంపుటి.