అందాల కిరీటం – అణు ఇంజనీరింగు

అందాల పోటీ అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పెదవి విరుస్తారు. నేనూ అంతే. కానీ 2022 డిసెంబరులో 'మిస్ అమెరికా 2023' కిరీటం అందుకున్న గ్రేస్ స్టాంకీ సంగతి తెలిశాక ఆలోచనలో పడ్డాను.

విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఈ అమ్మాయి అప్పటికి న్యూక్లియర్ ఇంజనీరింగ్ విద్యార్థిని. మగపిల్లలే ఎక్కువగా చేరే చదువది. ఆ పోటీలో ఈతదుస్తుల ప్రదర్శనను 2018లోనే తీసేశారు. ప్రతిభా విభాగంలో ఆమె వయొలిన్ వాయించింది. 50,000 డాలర్ల స్కాలర్‌షిప్పు గెలుచుకుంది.

ఆమె తండ్రికి రెండుసార్లు క్యాన్సర్ వచ్చింది. అణు వైద్యం వల్లే ఆయన బతికారని ఆమె చెబుతుంది. అందుకే ఆ ఏడాది ఎన్నో రాష్ట్రాలు తిరిగి, అణుశక్తి అంటే బాంబు ఒక్కటే కాదని, కరెంటూ వైద్యమూ కూడా అని జనానికి వివరించింది. తరువాత అణు విద్యుత్ రంగంలోనే ఇంజనీరుగా చేరింది.

మనకిది మరీ దూరపు సంగతేమీ కాదు. మనం స్థిరపడిన రాష్ట్రాల్లోనే కల్పాక్కం, కైగా, తారాపూర్ అణు విద్యుత్ కేంద్రాలున్నాయి. అలాంటి చోట ఉద్యోగం చేయాలని మా అమ్మాయి మెకానికల్ చదువుతానంటే, "వర్క్‌షాపులో మగపిల్లల మధ్య నీకెందుకమ్మా?" అని బి.కాం.లో చేర్పించాను. బ్యాంకులో పైసా తేడా రానివ్వని నేను ఇంట్లో లెక్క తప్పాను.

మీ ఇంట్లో ఆడపిల్ల అలా అడిగితే, కాదనే ముందు ఒక్కసారి ఆలోచించండి.