బడిలో సగం.. ఫ్యాక్టరీలో సగం!

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రాడి చేతికి మొదట వచ్చేది యంత్రం కాదు, ఆకురాయి. వైస్‌లో బిగించిన ఇనుప ముక్కను రోజుల తరబడి అరగదీయాలి. ట్రై స్క్వేర్ ఆనించి చూస్తే సందులోంచి వెలుతురు రాకూడదు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. 'ఇందుకా చేరింది!' అనిపిస్తుంది. చెయ్యి లొంగేది మాత్రం అక్కడే.

అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. చాలాచోట్ల వర్క్‌షాపులోని లేత్ వాళ్ల నాన్న కాలం నాటిది. సర్టిఫికెట్ పట్టుకుని కంపెనీ గేటు దాటితే లోపల వరసగా సీఎన్‌సీ యంత్రాలు. 'ఎప్పుడైనా నడిపావా?' అని సూపర్‌వైజర్ అడిగితే నేలచూపులే.

ఈ దూరం తగ్గించడానికే మన దేశంలో 2016లో 'డ్యూయల్ సిస్టం ఆఫ్ ట్రైనింగ్' తెచ్చారు. ఐటీఐ, కంపెనీ ముందే ఒప్పందం రాసుకుంటాయి. పాఠాలు, పునాది పనితనం ఐటీఐలో. కొన్ని నెలల పాటు అసలు పని కంపెనీలో.

ఈ పద్ధతికి పుట్టిల్లు లాంటిది జర్మనీ. అక్కడ పదో తరగతి దాటిన పిల్లలు ఎంతోమంది నేరుగా కంపెనీతో ఒప్పందం మీద సంతకం చేస్తారు. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి విద్యాలయంలో. ఇలా రెండు నుంచి మూడున్నరేళ్లు. జీతమూ ఉంటుంది. 2025లో చేరినవారికి మొదటి ఏడాది నెలకు కనీసం 682 యూరోలు ఇవ్వాలని చట్టం. చివరి పరీక్ష పెట్టేది బడీ కాదు, కంపెనీ కాదు. పరిశ్రమల మండలి! ఇంకో తమాషా.. కుర్రాళ్లకు పని నేర్పే ఉద్యోగి కూడా 'నాకు నేర్పడం వచ్చు' అని సాధారణంగా పరీక్ష రాసి నెగ్గాల్సిందే.

మన దగ్గర ఈ చివరి ముక్కే కొరవడింది. పని బాగా చేసే మేస్త్రీ పని బాగా నేర్పుతాడనుకుంటాం. నేర్పేవాడు లేకపోతే ఆరు నెలల శిక్షణ ఏమవుతుంది? పెట్టెలు మోయడం, నేల ఊడవడం, టీలు తేవడం. కంపెనీకి చవగ్గా ఓ మనిషి, కుర్రాడికి ఓ కాగితం.

అలాగని చట్టం లేదా అంటే, 1961 నుంచీ అప్రెంటిస్ చట్టం ఉంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ ఏదైనా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. నలుగురున్న చిన్న షెడ్డు కూడా కావాలంటే తీసుకోవచ్చు. చిన్న యజమానుల భయం వేరు. 'నేర్పాక పక్క కంపెనీ వెయ్యి ఎక్కువిస్తే పోడూ?' అంటారు. అదీ అబద్ధం కాదు.

తెలంగాణలో 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి నుంచి మరో ప్రయత్నం మొదలైంది. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పథకమిది. అంచనా ఖర్చు రూ.2,324 కోట్లు. అంటే ఇక్కడ కుర్రాడు యంత్రం దగ్గరికి వెళ్లడం కాదు, యంత్రమే కుర్రాడి దగ్గరికి వస్తోంది.

మీ ఇంట్లో పిల్లవాడు అప్రెంటిస్‌గా వెళ్తుంటే ఒప్పందం రిజిస్టరైందా, స్టైపెండ్ ఎంత, ఏ యంత్రం మీద ఎన్నాళ్లు ఉంచుతారు.. ఇవి ముందే అడగండి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణార్థి మాత్రమే. అయినా పనిలో గాయపడితే పరిహారం ఇవ్వాల్సింది యజమానే. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇస్తారా లేదా అన్నది మాత్రం ఆ కంపెనీ విధానాన్ని బట్టే. విధానమంటూ ఒకటి రూపొందించుకోవాలని చట్టంలోనే ఉంది. అదేమిటో చేరిన రోజునే అడగొచ్చు.